నల్ల తెర చూసి కంగారు పడకు

కోడలు పిల్లా,

రాత్రి పదకొండున్నరకు నీ మెసేజ్ చూశాను. "మావయ్యా, ఐత్రీ వేసుకున్నాను. లాగిన్ అయితే తెరంతా నల్లగా ఉంది, మౌస్ నొక్కినా ఏమీ రావడం లేదు. నువ్విచ్చిన లాప్‌టాప్ పాడు చేశానా?" అని రాశావు. పాడు కాలేదమ్మా. ఐత్రీ అంటే లినక్స్‌లో కిటికీలను సర్దే ప్రోగ్రాం, విండో మేనేజర్ అంటారు; మొదట అది అలా ఖాళీగానే కనిపిస్తుంది. విండోస్ గుర్తున్న మీట పట్టుకుని ఎంటర్ నొక్కు, కమాండ్లు కొట్టే టెర్మినల్ వస్తుంది. అదే మీటతో డీ నొక్కితే పైన సన్నటి పట్టీ వస్తుంది. అందులో ఫైర్‌ఫాక్స్ అని కొట్టి ఎంటర్ చేస్తే బ్రౌజర్ తెరుచుకుంటుంది. ఆ మీటా, షిఫ్టూ, ఈ అక్షరమూ కలిపి నొక్కితే బయటికొచ్చే దారి దొరుకుతుంది. మొదటిసారి అది అడిగినప్పుడు ఆల్ట్ ఎంచుకున్నావంటే విండోస్ మీటకు బదులు ఆల్ట్ అనుకో. ఇంతవరకు నిన్ననే చెప్పాను. మిగతాది మెసేజ్‌లో చెప్తే సగం మింగినట్టు ఉంటుంది, అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు రెండో మెసేజ్‌లో రాసిన మాటకే నాకు కొంచెం బెంగ కలిగింది. "ఒకాయన వీడియోలో భలే అందంగా ఉంది మావయ్యా, ఆయన కాన్ఫిగ్ ఫైళ్ళు మొత్తం దించుకుని పెట్టేసుకుంటాను" అన్నావు. పొరుగింటి పుల్లకూర రుచిగానే ఉంటుంది. కానీ ఆ సెట్టింగుల ఫైళ్ళు ఆయన తెర కొలతకి, ఆయన దగ్గరున్న ఫాంట్లకి, ఆయన చేతివేళ్ళ అలవాటుకి రాసుకున్నవి. అందులో నాలుగు వందల లైన్లుంటే నీకు అర్థమయ్యేవి నలభై. రేపు సెమినార్ రోజున ప్రొజెక్టర్ పలక్కపోతే ఏ లైను చూడాలో నీకు తెలియదు. నేను చెప్పేదాని సారం ఇదే: నీ డెస్క్‌టాప్‌లో ప్రతి లైనూ నువ్వు రాసిందై ఉండాలి, ఎందుకు రాశావో అడిగితే చెప్పగలగాలి. పది లైన్లున్నా చాలు.

ముందు నీ చేతిలో ఉన్నదేమిటో చూద్దాం. థింక్‌ప్యాడ్ ఎక్స్ 230, 2012 నాటి మోడల్. నాలుగు జీబీ ర్యామ్, పన్నెండున్నర అంగుళాల తెర, 1366 బై 768. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి కావలసిన ప్రాసెసర్ల జాబితాలో ఇది లేదు. అంతమాత్రాన మూలన పడేయాల్సిన వస్తువు కాదు. ఆ కీబోర్డు లాంటిది ఇప్పుడు కొత్త లాప్‌టాపుల్లో దొరకడం లేదు.

తేలికైన విండో మేనేజర్ వేస్తే ఎంత మిగులుతుందో ఉన్నదున్నట్టు చెప్తాను. ఇదే మెషీన్‌లో డెబియన్ అనే లినక్స్ మీద గ్నోమ్ అనే పెద్ద డెస్క్‌టాప్ నడిపినప్పుడు లాగిన్ అవగానే దాదాపు ఒక జీబీ ర్యామ్ పోయేది. అదే డెబియన్ మీద ఓపెన్‌బాక్స్ అనే తేలిక విండో మేనేజర్ పెడితే మూడు వందల ఎంబీ దగ్గర ఆగింది. అంటే ఆరేడు వందల ఎంబీ నీ చేతికొచ్చింది. నాలుగు జీబీలో అది చిన్న మొత్తం కాదు. కానీ ఫైర్‌ఫాక్స్‌లో పదిహేను ట్యాబులు తెరిచావంటే ఆ మిగులు మొత్తం అదే తినేస్తుంది. కాబట్టి దీన్ని మంత్రం అనుకోకు. ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టుకో, చదవని ట్యాబులు మూసేయి, జెడ్‌ర్యామ్ పెట్టుకో. జెడ్‌ర్యామ్ అంటే ర్యామ్‌లోనే కొంత భాగంలో సరుకును నొక్కి సర్దేది. ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌ను వాడుకునే స్వాప్ కంటే ఎంతో వేగం. వీటన్నిటితో కలిస్తేనే విండో మేనేజర్ తేలికదనం నీకు తెలిసొస్తుంది.

నేను ఇన్నేళ్ళుగా తేలికవాటినే వాడుతున్నది ర్యామ్ కోసం మాత్రమే కాదు. నా మెషీన్‌లో ఏం నడుస్తోందో నాకు తెలుసు, దాని కోసం.

అసలు విండో మేనేజర్ అంటే ఏమిటో పుస్తకంలో చదివితే ఒక పట్టాన ఎక్కదు. కళ్ళతో చూడాలి. ఆదివారం అరగంట తీసుకుని ఈ పని చెయ్యి. జెఫిర్ అని ఒక ప్రోగ్రాం ఉంది. అది నీ తెర మీద ఒక కిటికీలో ఇంకో చిన్న తెరను పుట్టిస్తుంది. డెబియన్‌లో ఎక్స్‌సర్వర్-జెఫిర్ అన్న పేరుతో దొరుకుతుంది. దాన్ని ఒకటో నంబరు డిస్‌ప్లేగా, 1024 బై 600 కొలతతో నడుపు. ఖాళీ తెర వస్తుంది. ఇప్పుడు టెర్మినల్‌లో, ఏ తెర మీద గీయాలో చెప్పే డిస్‌ప్లే వేరియబుల్‌ని ఒకటికి మార్చి ఎక్స్‌క్లాక్ నడుపు, సెకనుకోసారి కదిలేలా అప్‌డేట్ ఒకటి అని ఇవ్వు. గడియారం ఎడమవైపు పైమూలన వచ్చి అతుక్కుంటుంది. పైన పట్టీ ఉండదు, చుట్టూ అంచు ఉండదు, మూసే గుర్తు ఉండదు. మౌస్‌తో లాగితే కదలదు. ఆ పక్కనే ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ కూడా తెరువు. అదీ వచ్చి గడియారం నెత్తిన కూర్చుంటుంది. పక్కకు జరపడానికి నీకు దారి లేదు.

ఇప్పుడు అదే ఒకటో డిస్‌ప్లే మీద ఓపెన్‌బాక్స్ నడుపు. రెండు కిటికీలకీ క్షణంలో పైపట్టీలు మొలుస్తాయి. లాగితే కదులుతాయి, అంచు పట్టుకుంటే పెరుగుతాయి. కాసేపు ఆడుకుని, ఓపెన్‌బాక్స్ నడుస్తున్న టెర్మినల్‌కి వచ్చి కంట్రోల్ సీ నొక్కు. పట్టీలు పోతాయి. కానీ గడియారాన్ని చూడు, సెకన్ల ముల్లు తిరుగుతూనే ఉంటుంది. ఎక్స్‌టెర్మ్‌లో నువ్వు కొట్టిన అక్షరాలు అలాగే ఉంటాయి. ఆ తర్వాత టీడబ్ల్యూఎం అనే ఇంకో విండో మేనేజర్ నడుపు, వేరే రకం పట్టీలు వస్తాయి.

నేను ఇది మొదటిసారి చూసినప్పుడు నాకు పాతికేళ్ళు. అప్పటిదాకా కంప్యూటర్ అంటే ఒక్క ముద్ద అనుకునేవాణ్ణి. తెరను నడిపేది ఒకరు, కిటికీలకు చట్రాలు కట్టి సర్దేది ఇంకొకరు, లోపల బొమ్మ గీసేది మరొకరు, ఎవరి పని వాళ్ళదే అని ఆ రోజు తెలిసింది. ఆ తెరను నడిపే ఎక్స్ విండో సిస్టం 1984లో ఎంఐటీలో పుట్టినప్పటి నుంచీ దాని పద్ధతి ఇదే. చట్రాలు ఎలా ఉండాలో నేను చెప్పను, అది బయటివాళ్ళ పని అని ఎక్స్ వదిలేసింది. ఆ ఖాళీలోకే ఇన్ని విండో మేనేజర్లు వచ్చాయి. నువ్విప్పుడు నడిపిన టీడబ్ల్యూఎంను టామ్ లాస్ట్రేంజ్ 1987లో రాశాడు. అది మరీ మెమరీ తింటోందని రాబర్ట్ నేషన్ దాన్ని సన్నం చేసి 1993లో ఎఫ్‌వీడబ్ల్యూఎం తెచ్చాడు. తేలిక కోసం తపన ఈనాటిది కాదని చెప్పడానికే ఇదంతా. ఆ రెండూ ఇవాళ్టికీ నీ లాప్‌టాప్‌లో నడుస్తాయి. 1987లో రాసిన ప్రోగ్రాం 2012 మెషీన్ మీద నడవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఈ జెఫిర్ అలవాటు నీకు ఇంకో రకంగా కూడా పనికొస్తుంది. కొత్త విండో మేనేజర్ ఏది చూడాలనిపించినా అందులో నడిపి చూడు. లాగౌట్ అవక్కర్లేదు, రాత్రి పదకొండున్నరకు నల్ల తెర చూసి బెదరక్కర్లేదు.

ఇప్పుడు ఏది ఎంచుకోవాలన్న సంగతి. నీకు నా మాట: ముందు ఓపెన్‌బాక్స్. ఐత్రీని తీసేయకు, లాగిన్ తెర మీద రెండూ కనిపిస్తాయి, ఉండనీ. కానీ ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఓపెన్‌బాక్స్‌లో ఉండు.

కారణం చెప్తాను. ఐత్రీ గొప్పది. మైకేల్ స్టాపెల్‌బర్గ్ 2009లో మొదలుపెట్టాడు, దాని డాక్యుమెంటేషన్ అంత శుభ్రంగా రాసినవి నేను తక్కువ చూశాను. అది కిటికీలను ఒకదాని మీద ఒకటి వెయ్యదు, గోడకు పలకలు పరిచినట్టు పక్కపక్కన పరుస్తుంది. నా ఆఫీసులో 27 అంగుళాల తెర మీద ఏళ్ళ తరబడి దాన్నే వాడాను. నీ తెర వెడల్పు 1366. రెండు కిటికీలు పక్కపక్కన పెడితే ఒక్కొక్కదానికీ 683 వస్తుంది. ఆ వెడల్పులో చాలా వెబ్‌సైట్లు మొబైల్‌లో చూసినట్టు ముడుచుకుపోతాయి, కోడ్ లైన్లు కుడిపక్క దాటిపోతాయి. మూడో కిటికీ తెరిచావంటే ఇక ఏదీ చదవలేవు. చివరికి ఒక్కో వర్క్‌స్పేస్‌లో ఒక్కో కిటికీ నిండుగా పెట్టుకుని వాడతావు. ఆ పని ఓపెన్‌బాక్స్‌తోనూ అవుతుంది. పైగా నువ్విప్పుడు ఒకేసారి రెండు నేర్చుకుంటున్నావు, డెస్క్‌టాప్‌ని ముక్కముక్కగా కట్టుకోవడం ఒకటి, మౌస్ లేకుండా బతకడం ఒకటి. మొదటిది స్థిరపడనీ, రెండోది అదే వస్తుంది.

డీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ గురించి కూడా అడిగావు. 2006 నుంచి ఉంది, రెండు వేల లైన్లు దాటకూడదని నియమం పెట్టుకుని రాసిన ప్రోగ్రాం. దానికి సెట్టింగుల ఫైలు అంటూ వేరే ఉండదు. సీ భాషలో ఉన్న హెడర్ ఫైలు మార్చి మళ్ళీ కంపైల్ చేసుకోవాలి. నీకు సీ పాయింటర్లు బాగా వచ్చాక దాని సోర్సు మొత్తం ఒక వారం కూర్చుని చదువు. వాడకపోయినా సరే, చదువు. ఎక్స్ ప్రోగ్రాం ఎలా రాస్తారో నేర్పేది అంతకంటే చిన్నది నాకు తెలియదు.

ఐస్‌డబ్ల్యూఎం అనే ఇంకో విండో మేనేజర్ మాట కూడా ఒకటి చెప్పాలి. నీకు కాదు, మీ నాన్నకి. ఆయన షాపులో ఉన్న పాత డెస్క్‌టాప్‌కి అదే సరిపోతుంది. కింద టాస్క్‌బార్, మూలన మెనూ, గడియారం, అన్నీ దానితోనే వస్తాయి. పాత విండోస్ వాడినవాళ్ళకి ఒక్క నిమిషం కూడా కొత్తగా అనిపించదు. యాంటిఎక్స్ అనే లినక్స్ పంపిణీలో అదే ముందుగా వస్తుంది, పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూపించు.

సరే, ఓపెన్‌బాక్స్. దాని మాదిరి ఫైళ్ళు ఈటీసీ కింద ఎక్స్‌డీజీ ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని నీ హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద ఓపెన్‌బాక్స్ అని ఫోల్డర్ చేసి అందులోకి కాపీ చేసుకో. నాలుగు ఫైళ్ళు. ఆర్‌సీ ఫైలులో మీటలు, మౌస్ నడవడిక. మెనూ ఫైలులో కుడి నొక్కు మెనూ. ఎన్విరాన్‌మెంట్ ఫైలులో వేరియబుల్స్. ఆటోస్టార్ట్ ఫైలులో, లాగిన్ అవగానే ఏమేం మొదలవాలో అది. మొదటి రోజే వాటిని గిట్ రిపో చేసి పెట్టుకో, మార్పులన్నీ వరసగా దాచి ఉంచుతుంది. ఏదైనా చెడితే నిన్నటి రూపం వెనక్కి తెచ్చుకోవచ్చు.

నేను నీతో కూర్చుని రాయించాలనుకునేది ఆ ఆటోస్టార్ట్ ఫైలునే. నీ ఇల్లు అంటే అదే. మొదట అది ఖాళీగా ఉంచి లాగిన్ అవ్వు. బూడిద రంగు తెర, కుడి నొక్కితే మెనూ, అంతే. అలా ఒక్క సాయంత్రం పని చెయ్యి. ఏది లేదని నీకు అనిపిస్తుందో అది మాత్రం ఒక లైను రాయి.

ముందు గడియారం లేదని, తెరిచిన కిటికీల జాబితా లేదని అనిపిస్తుంది. టింట్2 అని ఒక లైను. వైఫై మార్చాలంటే చోటు లేదు, నెట్‌వర్క్ మేనేజర్ ఆప్లెట్ అని ఒక లైను. లోపలి డిస్క్‌లో ఇంకో పార్టిషన్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగే కిటికీ రాకుండా "అనుమతి లేదు" అంటుంది. అలాంటప్పుడు పాస్‌వర్డ్ అడగడానికి ఒక మధ్యవర్తి కావాలి, ఎల్ఎక్స్‌పోల్‌కిట్ అని ఒక లైను. స్పీకర్ బొమ్మ ఉన్న మీటలు నొక్కితే శబ్దం పెరగదు, అది ఆటోస్టార్ట్ పని కాదు, ఆర్‌సీ ఫైలులో ఆ మీటకు ఏ కమాండ్ నడవాలో రాసుకోవాలి. ఇలా ఒక్కొక్కటీ.

ప్రతి లైను చివరా & గుర్తు పెట్టడం మర్చిపోకు. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ, కొత్తవాళ్ళ సాయంత్రాలన్నీ దీనికే పోతాయి. ఆటోస్టార్ట్ అనేది మామూలు షెల్ స్క్రిప్టు. & లేకపోతే ఆ ప్రోగ్రాం ముగిసేదాకా కింది లైనుకు పోదు. టింట్2 ఎప్పటికీ ముగియదు కదా! దాని కింద రాసినవి ఏవీ మొదలవవు. నువ్వేమో వైఫై ఆప్లెట్‌లో తప్పుందని దాన్నే తిరగేస్తూ కూర్చుంటావు. ఏదైనా మొదలవలేదంటే ముందు దాని పై లైను చివర చూడు.

బ్యాటరీ గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట, ఇదే లాప్‌టాప్. అర్ధరాత్రి ఒక క్లయింటు డేటాబేస్ ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారుస్తున్నాను. దూరపు సర్వర్‌కి కలిపే ఎస్‌ఎస్‌హెచ్‌లో కాపీ నడుస్తోంది. ఛార్జర్ ప్లగ్ గోడలో వదులైందని నేను గమనించలేదు. తెర మీద ఏ హెచ్చరికా రాలేదు. టప్పున ఆరిపోయింది. కనెక్షన్ తెగింది, కాపీ సగంలో ఆగింది, మొత్తం మొదటి నుంచి మళ్ళీ చేసేసరికి తెల్లారి ఆరయింది. బ్యాటరీ తగ్గితే చెప్పే పని విండో మేనేజర్‌ది కాదు. ఆ పనికి నేను ఎవరినీ పెట్టలేదు. ఆ తర్వాత ఆటోస్టార్ట్‌లో నేను రాసే మొదటి లైను అదే అయింది. సీబాటికాన్ అని ఉంది, ఎంత శాతానికి హెచ్చరించాలో, మరీ తగ్గితే ఏ కమాండ్ నడపాలో రాయొచ్చు. పదిహేనుకు హెచ్చరిక, ఐదుకు సస్పెండ్ పెట్టుకో. హెచ్చరిక తెర మీద కనపడాలంటే డన్‌స్ట్ లాంటి నోటిఫికేషన్ ప్రోగ్రాం కూడా ఉండాలి, లేకపోతే అది చెప్పిన మాట గాలిలో కలిసిపోతుంది. దూరపు సర్వర్ మీద ఏ పని చేసినా, కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్ లోపల చెయ్యాలన్నది కూడా ఆ రాత్రి నేర్చిన పాఠమే.

మూత సంగతి కూడా అంతే. మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది, అది లినక్స్‌లో తెర వెనక పనులు నడిపే సిస్టం‌డీ చూసుకుంటుంది. కానీ తాళం పడదు. హాస్టల్‌లో ఎవరు మూత తెరిచినా నీ మెయిల్ నేరుగా వాళ్ళ ఎదుట ఉంటుంది. ఎక్స్‌ఎస్‌ఎస్-లాక్‌ని ఐత్రీలాక్‌తో కలిపి ఒక లైను రాసుకుంటే నిద్రపోయే ముందే తాళం వేస్తుంది. ఐత్రీలాక్ వాడటానికి ఐత్రీ అక్కర్లేదు. ఈ లైను మాత్రం వాయిదా వెయ్యకు, మొదటి సాయంత్రమే రాయి.

కాపీ, పేస్ట్ విషయంలో కూడా తికమక పడతావు. ఎక్స్‌లో నువ్వు కాపీ చేసిన మాట ఎక్కడా దాచి ఉండదు. కాపీ చేసిన ప్రోగ్రాం దగ్గరే ఉంటుంది. పేస్ట్ చేసినప్పుడు ఈ ప్రోగ్రాం ఆ ప్రోగ్రాంని అడిగి తీసుకుంటుంది. మధ్యలో ఆ కిటికీ మూసేశావంటే మాట కూడా పోయినట్టే. ఒక పేరా కాపీ చేసి, ఎడిటర్ మూసి, బ్రౌజర్‌లో పేస్ట్ కొడితే ఏమీ రాకపోవడానికి కారణం ఇదే. పెద్ద డెస్క్‌టాపుల్లో దాన్ని పట్టి ఉంచేవాడు ఒకడు తెర వెనక ఉంటాడు. నువ్వు వాణ్ణి విడిగా పెట్టుకోవాలి, ఎక్స్‌ఎఫ్‌సీఈ వాళ్ళ క్లిప్‌మన్ బాగుంటుంది. అది కాక ఇంకోటి కూడా ఉంది: మౌస్‌తో మాటలు ఎంచితే చాలు, కాపీ నొక్కకుండానే మధ్య మీటతో అతికించొచ్చు. కంట్రోల్ సీతో చేసినదానికీ దీనికీ సంబంధం లేదు, రెండు వేర్వేరు సంచులు. థింక్‌ప్యాడ్‌కి మధ్య మీట ఉంది కాబట్టి నీకు ఇది హాయిగా ఉంటుంది.

ఇక తెలుగు. నువ్వు కాలేజీ పత్రికకు కథలు రాస్తావు కాబట్టి ఈ భాగం జాగ్రత్తగా చదువు. తేలికవి వాడేవాళ్ళ సలహాల్లో ఇది కనపడదు, ఎందుకంటే రాసేవాళ్ళలో ఎక్కువమందికి ఇంగ్లీషు తప్ప అక్కర్లేదు.

మన అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చితే సరిపోవు. "శ్రీ" అంటే కంప్యూటర్‌కి నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని కలిపి ఒక్క అక్షరంగా తీర్చే పని ఒకటుంది. ఓపెన్‌బాక్స్, ఐత్రీ రెండూ పాంగో అనే లైబ్రరీ ద్వారా రాతను గీస్తాయి, అది ఆ పని సరిగ్గా చేస్తుంది. డీడబ్ల్యూఎం అలా చెయ్యదు. దాన్ని నడిపి, శ్రీకాకుళం మీద వ్యాసం ఒకటి బ్రౌజర్‌లో తెరిచి పైపట్టీలో పేరు చూడు. "శ్‌రీకాకుళం" అని విడివిడిగా కనిపిస్తుంది. "అమ్మ" అన్నా "అమ్‌మ" అవుతుంది, ఒత్తు కిందికి దిగదు. డీమెనూ (ఐత్రీలో డీ నొక్కితే వచ్చే పట్టీ) కూడా ఆ ఇంటిదే కాబట్టి అక్కడా ఇదే వరస. దాని బదులు రోఫీ పెట్టుకుంటే తెలుగు ఫైలు పేర్లు శుభ్రంగా వస్తాయి. నేను డీడబ్ల్యూఎంను ఎంత మెచ్చుకున్నా రోజూ వాడకపోవడానికి ఇదే పెద్ద కారణం. నా భాష ముక్కలై కనిపించే తెర ముందు రోజంతా కూర్చోలేను. టెర్మినళ్ళలో కూడా చాలావాటికి ఇదే జబ్బు, ఒక్కో అక్షరానికి సమానమైన గడి అని కొలుచుకుంటాయి కాబట్టి. తెలుగు రాయాలంటే జియానీ, మౌస్‌పాడ్ లాంటి ఎడిటర్ తెరువు.

ఫాంట్లు నువ్వే వేసుకోవాలి. నోటో తెలుగు తప్పనిసరి, లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. చదవడానికి పోతన, వేమన ఫాంట్లు కూడా పెట్టుకో.

టైపింగ్‌కి రెండు దారులు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక నీకు వస్తే, ఏ అదనపు ప్రోగ్రామూ అక్కర్లేదు. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌లో లేఅవుట్లు యూఎస్, ఐఎన్ అని, రెండోదానికి వేరియంట్ టీఈఎల్ అని, మార్పుకి ఆల్ట్ షిఫ్ట్ అని ఒక్క లైను ఆటోస్టార్ట్‌లో రాస్తే చాలు. దీని కంటే తేలికైనది లేదు. నేను అదే వాడతాను. నీకేమో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడం అలవాటు, అంటే ఆర్‌టీఎస్ పద్ధతి. దానికి ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం, దానితో ఎం17ఎన్ వేసుకోవాలి. డెబియన్‌లో ఐఎం-కాన్ఫిగ్ ఒకసారి నడిపి ఐబస్ ఎంచుకుంటే లాగిన్ అయినప్పుడల్లా అదే మొదలవుతుంది. రేపు ఆర్చ్ లాంటి వేరే లినక్స్‌కి మారితే మాత్రం, ఎన్విరాన్‌మెంట్ ఫైలులో జీటీకే, క్యూటీ (ప్రోగ్రాముల కిటికీలు గీసే లైబ్రరీలు), ఎక్స్ మూడింటికీ ఐబస్ అని వేరియబుల్స్ రాసి, ఆటోస్టార్ట్‌లో దాన్ని మొదలుపెట్టే లైను కూడా నువ్వే రాయాలి. మూడింట్లో ఒకటి మర్చిపోతే ఒక ప్రోగ్రాంలో తెలుగు వచ్చి ఇంకోదాంట్లో రాదు. ఇంకో చిక్కు: ఐబస్‌లో భాష మార్చే మీటలు విండోస్ మీటా స్పేసూ. ఐత్రీలో అవే మీటలు వేరే పనికి ఉన్నాయి. ఐత్రీలో నీకు తెలుగు రాకపోతే ఐబస్ తప్పు కాదు, మీటలు మార్చుకో.

ప్రొజెక్టర్ విషయం త్వరగా చెప్పేస్తాను. కేబుల్ పెట్టగానే ఏమీ జరగదు. ఆరాండర్ వేసుకో, తెరలు పెట్టెల్లా కనిపిస్తాయి, జరిపి సరే అంటే చాలు. సెమినార్ ముందురోజే ఆ హాల్లోకెళ్ళి ఒకసారి పెట్టి చూసి ఆ అమరికను స్క్రిప్టుగా దాచుకో, మెనూలో ఒక వరసగా పెట్టుకో. లాప్‌టాప్ తెర ఒక్కటే ఉండే అమరిక కూడా దాచుకో. కేబుల్ తీసేశాక కిటికీలు కనపడని తెర మీద ఉండిపోతే అదే వెనక్కి తెస్తుంది.

ఏది ఎంత చెడినా బయటికొచ్చే దారి ఒకటి ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కు. అక్షరాల తెర వస్తుంది, లాగిన్ అయి ఫైలు సరిచేసుకో. ఆర్‌సీ ఫైలు మార్చినప్పుడు లాగౌట్ అవక్కర్లేదు, ఓపెన్‌బాక్స్‌కి రీకాన్ఫిగర్ అని చెప్తే మళ్ళీ చదువుకుంటుంది.

ఎక్స్ స్థానంలోకి వేలాండ్ వచ్చేసింది కదా, ఇదంతా పాతది కాదా అని మీ సీనియర్ అన్నాడన్నావు. మాట నిజమే. 2008లో మొదలైన పని, ఇప్పుడు పెద్ద డెస్క్‌టాపులన్నీ అటే పోతున్నాయి. అక్కడ తెరను నడిపేవాడూ చట్రాలు కట్టేవాడూ ఒక్కడే. గడియారం చేసిన ఆ తమాషా అక్కడ కుదరదు, వాడు పడిపోతే మామూలుగా అందరూ పడిపోతారు. భద్రతలో మాత్రం అది మేలు: ఎక్స్‌లో ఏ ప్రోగ్రామైనా నువ్వు కొట్టే ప్రతి మీటనూ వినగలదు, వేలాండ్‌లో అలా వినలేదు. నువ్వు ఇప్పుడు నేర్చేది వృథా కాదు. లాబ్‌డబ్ల్యూసీ అనేది వేలాండ్ కోసం ఓపెన్‌బాక్స్ పద్ధతిలోనే కట్టినది, నువ్వు రాసుకున్న ఆర్‌సీ, మెనూ ఫైళ్ళ రాతే చాలావరకు దానికీ నడుస్తుంది. రాస్ప్‌బెర్రీ పై వాళ్ళు 2024 అక్టోబర్ నుంచి తమ సిస్టంలో దాన్నే పెట్టారు. ఐత్రీ వాడేవాళ్ళకి స్వే ఉంది, దాదాపు అదే కాన్ఫిగ్. ఓపెన్‌బాక్స్‌కి 2015 తర్వాత కొత్త విడుదల రాలేదు, ఆ సంగతి నీకు తెలిసే ఉండాలి. డెబియన్‌లో ఇవాళ్టికీ హాయిగా నడుస్తోంది. ఈ సెమిస్టర్ దానితో గడిపి, వేసవి సెలవుల్లో లాబ్‌డబ్ల్యూసీ వేసుకుందువుగాని, నేనూ పక్కన కూర్చుంటాను.

ఆదివారం జెఫిర్‌లో గడియారం పని చేశాక ఒక ఫోటో తీసి పంపు. ఆటోస్టార్ట్ ఫైలు పది లైన్లు దాటినప్పుడు అది కూడా పంపు, ఒక్కో లైను ఎందుకో పక్కన తెలుగులోనే కామెంటు రాసి. సంక్రాంతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో. ఆ బ్యాటరీ గంటన్నర కూడా రావడం లేదని తెలుసు, కొత్తది తెప్పించి ఉంచాను. పాత పెన్‌డ్రైవులు కూడా ఉంటే తీసుకురా, మీ నాన్న షాపు మెషీన్‌కి ఐస్‌డబ్ల్యూఎం పని ఆ రెండు రోజుల్లోనే చూద్దాం.

నీ మావయ్య